శోభారాణి చేర్చుకోని పిల్ల

మా ఆయన పోయాక, ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి. కూడబలుక్కుని రాసే చెయ్యి, ఈ చిన్న కథకే చాలా రోజులు పట్టింది.

కొత్తగూడెం బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండే శోభారాణి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్. ఎండాకాలం వస్తే పాఠాలుండవు. కరపత్రాలు పట్టుకుని గడపగడపకూ తిరిగి, పిల్లల్ని తమ కాలేజీలో చేర్చమని బతిమాలాలి. ఈసారి ఎవరినీ తేకపోతే కాలేజీ తెరిచాక రావద్దని ప్రిన్సిపాల్ చెప్పేశాడు.

ఆ పొద్దున ఆమె చెప్పులేసుకుంటుంటే అత్త బతుకమ్మ నవ్వుతూ చాయ్ తెచ్చింది.

"ఇయ్యాల ఎండల తిరగకు బిడ్డా. ఎనక గల్లీ మంగ్లి లేదూ? దాని బిడ్డ చాంది, గా పిల్లను మీ కాలేజీల్నే ఏస్తదట. నేనే ఒప్పిచ్చిన."

శోభారాణి గ్లాసు కింద పెట్టేసింది. "దానికి భద్రాచలం గురుకులంల సీటొచ్చింది గదా అత్తమ్మా! తిండి, చదువు అంత ఉత్తగనే. ఇయ్యాల పోయి చేరకుంటే ఇంకొకరికి ఇస్తరు."

"ఆడపిల్లను ఒక్కదాన్నే గంత దూరం ఎట్ల పంపుతవే అని అన్న. మంగ్లి బుగులు పడ్డది."

"నువ్వు బుగులు పెట్టినవ్! మా ఫీజుకు దాని నాయిన ఆటో అమ్ముకోవాలె."

"మరి నీ కొలువు పోతె? ఇంటికొచ్చి నొచ్చే కాళ్లు పట్టుకుని కూసుంటున్నవ్. చూస్కుంట ఊకోవాల్నా?"

"క్లాసుల నిలబడితే నాకు ఆకలి గూడ యాదికుండదు అత్తమ్మా. గా సంతోషం కోసమే గీ గడపలెక్కుతున్న. చాంది సీటు పోగొట్టి, రేపు దాని మొఖం చూస్కుంట ఏం పాఠం చెప్పాలె?"

బతుకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నడువు. నేనన్న మాట నేనే ఎనుకకు తీస్కుంట."

మంగ్లి పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తోంది. బతుకమ్మ నిలబడే చెప్పింది: "మంగ్లీ, నిన్న నా సొంత లాభం కోసం చెప్పిన. పిల్లను భద్రాచలమే పంపు."

మంగ్లి శోభారాణి వైపు చూసింది. "మరి నీ నౌకరి, మేడం?"

"పోతె పోనీ." ఆ మాటకు తనే భయపడి, శోభారాణి అత్త చెయ్యి పట్టుకుంది.

తలుపు చాటు నుంచి చాంది వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. చేతిలో బట్టల సంచి. తల్లి వెళ్లొద్దన్నా, పిల్ల దాన్ని విప్పలేదు. మంగ్లి పొయ్యి ఆర్పి లేచింది.

బతుకమ్మ ఆ సంచి అందుకుని నెత్తిన పెట్టుకుంది. "జల్దీ నడువుండ్రి, బస్సు పోతది."

"గీ పిల్ల ఎవలని అడిగితే ఏం చెప్తవ్ అత్తమ్మా?" దారిలో శోభారాణి అడిగింది.

"మా కోడలు చదివిపిస్తున్న పిల్ల అని చెప్త."

శోభారాణి నడిబజార్లో ఏడ్చేసింది.

— మేకల దూలమ్మ, అరవై రెండేళ్లు. ఇప్పుడు ఉంటున్నది సారపాకలో.