ఏడుసార్లు కడిగిన ముఖం

మొదటిసారి ఆమె నాతో మాట్లాడింది తిట్టడానికే. తప్పు నాదే. ఈ కథలో తప్పులన్నీ నావే, ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

ఓ పెద్ద మందుల షాపులో ముఖం కౌంటర్ నాది. ఫేస్ వాష్‌లు, క్రీములు, లోషన్లు, వాటి వెనక నేను, నా పక్కన ఒక గుండ్రటి అద్దం. అవతలి కౌంటర్లో మందులిచ్చే ఫార్మసిస్ట్ మేడమ్. చర్మం గురించి నాకు తెలిసిందంతా ఆవిడ నేర్పిందే.

ఆ గురువారం వాన పడుతోంది. తలుపు తోసుకుని ఒకమ్మాయి లోపలికి వచ్చింది. గొడుగు ముడుస్తూ తిన్నగా నా దగ్గరికే వచ్చి, "పౌడర్ కావాలండీ. జిడ్డు కనపడకుండా చేసేది," అంది.

నోరు మూసుకుని పౌడర్ ఇచ్చి ఉంటే సరిపోయేది. కానీ నాకు తెలివి ఎక్కువైన రోజులవి.

"పౌడర్ వల్ల లాభం లేదండీ. మీది బాగా ఆయిలీ స్కిన్. తలుపు దగ్గరే తెలిసిపోయింది."

ఆమె గొడుగు తీసి కౌంటర్ మీద పెట్టింది. నీళ్ళన్నీ నా శాంపిల్ సీసాల మీదికి కారాయి.

"తలుపు దగ్గరేనా? రోడ్డు మీద నుంచి తెలియలేదా?"

"అంటే, నా ఉద్దేశం..."

"వాన నీళ్ళో జిడ్డో కూడా చూడకుండా చెప్పేశారే. ఈ అద్దం కస్టమర్లకేనా, ఎప్పుడైనా మీరు కూడా చూసుకుంటారా?"

అవతల మేడమ్ దగ్గినట్టు నవ్వారు. 

"సారీ అండీ. కూర్చోండి," అని స్టూలు జరిపి, జిడ్డు పీల్చే కాగితం ఒకటి చేతికిచ్చాను. "రుద్దకండి. ఊరికే అద్ది తీసెయ్యండి."

నుదుటి మీద అద్దింది. ముక్కు మీద అద్దింది. అవతలి వైపు కనిపించేంతగా కాగితం నానిపోయింది. ఆమె దాన్ని లైటుకేసి ఎత్తి చూసింది. అప్పటిదాకా ఉన్న కోపమంతా దిగిపోయింది.

"వాన కాదు లెండి," అంది.

అప్పుడు తన సంగతి చెప్పింది. హోటల్ రిసెప్షన్‌లో పని. అంతకు ముందు మూడేళ్ళు అదే హోటల్లో, భూమి కిందున్న గదిలో ఫోన్లు ఎత్తింది. ఆరు నెలల క్రితమే పైకి తెచ్చారు. ఇప్పుడు లాబీలో కొత్త లైట్లు పెట్టారు. వాటి కింద ఆమె ముఖం మెరిసిపోతోందని మేనేజర్ అందరి ముందూ అన్నాడు. నెలన్నరలో ఫ్రంట్ డెస్క్‌కి మనుషుల్ని మళ్ళీ ఎంపిక చేస్తారు. అప్పటికి ముఖం 'నీట్‌గా' లేకపోతే తిరిగి కిందికే.

"ఇప్పుడేం వాడుతున్నారు?"

"సబ్బు. రోజుకి ఏడుసార్లు కడుక్కుంటాను. డ్యూటీలో గంటకోసారి వెళ్ళొస్తుంటే అందరూ నాకేదో జబ్బనుకుంటున్నారు."

జవాబు నాకు అక్కడే దొరికిపోయింది. రోజుకి ఏడుసార్లు సబ్బు పెడితే ఏ చర్మమైనా గగ్గోలు పెడుతుంది, ఇంకా ఎక్కువ జిడ్డు కక్కుతుంది. మేడమ్ నాకు నేర్పిన మొదటి పాఠమే అది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మైల్డ్ ఫేస్ వాష్, పైన తేలికపాటి జెల్ మాయిశ్చరైజర్, మధ్యలో మెరిస్తే కాగితం అద్దుకోవడం. మిగతావన్నీ మానెయ్యడమే వైద్యం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇది తగ్గుతుందా? నిజం చెప్పండి," అంటూ ఆమె నా వైపు చూసింది. అంతసేపటికి నన్ను మనిషిలా చూడటం అదే మొదలు. ఆ చూపుకి నా బుర్ర పనిచేయడం మానేసింది.

నిజం చెబితే రెండు ట్యూబులు తీసుకుని వెళ్ళిపోతుంది. మళ్ళీ రావడానికి ఆమెకి ఏ కారణమూ ఉండదు.

"తగ్గుతుందండీ. కాకపోతే టైమ్ పడుతుంది," అని ఒక టోనర్ సీసా తీసిచ్చాను. బాగా ఘాటైనది. "మా షాపులో ఒక పద్ధతి ఉంది. వారానికి ఒక్క వస్తువే. ఏది పడిందో ఏది పడలేదో తెలియాలి కదా. వచ్చే గురువారం రండి."

ఆ పద్ధతి నిజమే. మేడమ్ పెట్టిందే. దాన్ని నేనిలా వాడుకుంటానని ఆవిడ కలలో కూడా అనుకుని ఉండరు.

గురువారం ఆమెకి సెలవు. రెండోసారి స్క్రబ్ ఇచ్చాను. మూడోసారి మట్టి మాస్క్. నాలుగో గురువారానికి వస్తువు ఇవ్వడం ఐదు నిమిషాల పని అయింది, మాటలు గంట. ఆమె నాకు 'క్రీములాయన' అని పేరు పెట్టింది. నేను 'లాబీ గారు' అనేవాణ్ణి.

"క్రీములాయనా, ఇంట్లో కూడా అందర్నీ ఇలాగే కూర్చోబెట్టి పాఠాలు చెప్తారా?"

"మా అమ్మ వినదండీ. మంచినీళ్ళు చాలు పోరా అంటుంది."

"ఆవిడ ముఖం ఎలా ఉంటుంది?"

"నా ముఖం కన్నా బాగుంటుంది."

"అయితే నేను తప్పు మనిషి దగ్గరికి వస్తున్నట్టున్నాను," అని నవ్వింది. నేనూ నవ్వాను. నా నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

వాన తగ్గేదాకా ఉంటానని కూర్చునేది. అద్దాల తలుపు ఎదురుగానే ఉన్నా, "ఇంకా పడుతోందా?" అని నన్ను అడిగేది. రోడ్డు మీద ఎండ కాస్తున్నా, "పడుతోందండీ," అనేవాణ్ణి. సరేనని మళ్ళీ కూర్చునేది.

ఒకసారి ఆ కింది గది గురించి చెప్పింది.

"కిటికీ ఉండదు. పగలో సాయంత్రమో గడియారం చూస్తేనే తెలుస్తుంది. మూడేళ్ళు నా గొంతు అందరికీ తెలుసు, ముఖం ఎవరికీ తెలియదు. ఒకాయన ప్రత్యేకంగా మెట్లు దిగొచ్చాడు, థాంక్స్ చెప్పడానికి. నన్ను చూసి, ఫోన్లో మాట్లాడిన అమ్మాయి ఏరి అని అడిగాడు."

"మీరేమన్నారు?"

"భోజనానికి వెళ్ళిందని చెప్పాను."

ఆమె ఇది నవ్వుతూనే చెప్పింది. ఆ క్షణాన ఈమె కోసం ఏమైనా చేస్తాననిపించింది. చేయాల్సింది ఒక్క నిజం చెప్పడం. అది తప్ప ఏమైనా చేసేవాణ్ణి.

ఇంట్లో అమ్మ కనిపెట్టేసింది.

"గురువారం గురువారం చొక్కా నువ్వే ఇస్త్రీ చేసుకుంటున్నావు. ఎవర్రా ఆ అమ్మాయి?"

"షాపుకి వస్తుందమ్మా."

"మంచిపిల్లేనా?"

"నాకన్నా మంచిది."

"అదేమంత గొప్ప కాదులే. ఒకసారి ఇంటికి తీసుకురా. మీ నాన్నతో నేను మాట్లాడతాను."

అడక్కుండానే ఇంట్లో ఒప్పేసుకున్నారు. ఇలాంటి అదృష్టం ఎంతమందికి ఉంటుంది? అమ్మాయికి మాత్రం నేనింకా అసలు మాట చెప్పలేదు. రెండు అసలు మాటలున్నాయి, రెండూ చెప్పలేదు.

ఐదో గురువారం ఆమె బుగ్గ మీద చేయి పెట్టుకుని వచ్చింది. ముక్కు పక్కన చర్మం పొరలుగా లేచింది. నుదురు ఎప్పటిలాగే మెరుస్తోంది.

"మండుతోందండీ. నీళ్ళు తగిలినా మండుతోంది. మా అక్క అన్నీ మానెయ్యమంటోంది."

మేడమ్ ఆ రోజు రాలేదు. షాపులో వేరే కస్టమర్లు కూడా లేరు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. కానీ ఇప్పుడు చెప్పాలంటే నాలుగు వారాలుగా ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి.

"మండుతోందంటే పనిచేస్తోందని అర్థం," అన్నాను.

"నిజంగా?"

"నన్ను నమ్మండి."

ఆమె బుగ్గ మీద నుంచి చేయి తీసేసింది. "మీరు చెప్పారు కాబట్టి వాడతాను," అంది.

సొంత అక్క మాట కాదని నా మాట పట్టుకుంది. సిగ్గులేనివాణ్ణి, ఆ రోజంతా గాల్లో తేలాను.

తర్వాతి గురువారం ఆమె రాలేదు. సోమవారం వచ్చింది, డ్యూటీ బట్టల్లోనే. రిసెప్షన్ కోటు లేదు. చెవుల మీద హెడ్‌ఫోన్ ఒత్తుకున్న గుర్తులున్నాయి. ముఖమంతా ఎర్రగా కందిపోయింది.

"లైట్ల కింద నిలబెట్టి చూశారు," అంది. "ఒక్క నిమిషం కూడా పట్టలేదు. మొన్నటిదాకా మెరిసేది, ఇప్పుడు ఊడిపోతోంది కూడా అన్నాడు మేనేజర్. పక్కవాళ్ళు నవ్వారు."

నేనేదో అనేలోపు మేడమ్ ఇటు వచ్చారు.

"ఏమ్మా, ఏంటలా కందిపోయింది? ఏం వాడావు?"

ఆమె వరసగా చెప్పింది. టోనర్, స్క్రబ్, రోజూ మట్టి మాస్క్. "సబ్బు కూడా. రోజుకి ఏడుసార్లు."

"ఏడుసార్లా? ఇతను మానమని చెప్పలేదా?" మేడమ్ నా వైపు తిరిగారు. "నేను నీకు మొదటి రోజు నేర్పిందే అది కదా. మర్చిపోయావా?"

మర్చిపోయానని ఒక్క మాట అంటే బతికిపోయేవాణ్ణి. ఆమె నా ముఖంలోకే చూస్తోంది. ఈ ఒక్క అబద్ధానికి నోరు పెగల్లేదు.

"గుర్తుంది మేడమ్."

ఆవిడకి అర్థమైనట్టుంది. తన కౌంటర్ వైపు వెళ్ళిపోయారు.

"మొదటి రోజే తెలుసా మీకు?" అని ఆమె అడిగింది.

"తెలుసు."

"మరి?"

"మీరు మళ్ళీ రావాలని." అక్కడితో ఆగలేకపోయాను. "మీరంటే నాకు ఇష్టం. ముఖం బాగైపోతే ఇక రారేమోనని భయపడ్డాను. ఇంట్లో కూడా చెప్పాను. మా అమ్మ మిమ్మల్ని తీసుకురమ్మంది."

ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాటలు. అవి రాకూడని సమయమంటూ ఒకటుంటే, అప్పుడే వచ్చాయి.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బుగ్గ మీదికి జారితే మండుతుందని కాబోలు, తల పైకెత్తి ఆపుకుంది.

"అంటే నా ముఖం బాగుపడకూడదని కోరుకున్నారన్నమాట."

"అలా కాదండీ..."

"అలాగే. మీకన్నా మా మేనేజర్ నయం. ఆయన బాగుపడమన్నాడు."

ఆమె బ్యాగు తీసి కౌంటర్ మీద పెట్టింది.

"ఇప్పుడు చెప్పండి. నేనేం వాడాలి?"

చెప్పాను. అన్నీ ఆపెయ్యాలి. రోజుకి రెండుసార్లు మైల్డ్ ఫేస్ వాష్, పైన జెల్ మాయిశ్చరైజర్, ఎండలోకి వెళ్తే జెల్ సన్‌స్క్రీన్. కొన్నాళ్ళు చర్మాన్ని దాని మానాన వదిలెయ్యాలి. ఎరుపు తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోవాలి. చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు.

"ఇంతేనా?"

"ఇంతేనండీ."

ఆమె బ్యాగు భుజాన వేసుకుంది.

"ఇది మొదటి రోజే చెప్పి ఉంటే, రెండో వారం ఏమీ కొనకుండానే వచ్చేదాన్ని," అంది.

ఫేస్ వాష్ నా వెనక అరలోనే ఉంది. తీసి ఇవ్వబోయాను. ఆమె చేయి చాపలేదు. మేడమ్ వచ్చి నా చేతిలోంచి తీసుకుని ఆమెకిచ్చారు.

ఇది జరిగి మూడు నెలలైంది. ఇప్పుడామె శనివారం పొద్దున వస్తుందట, నాకు డ్యూటీ లేని పూట. మేడమ్ దగ్గరే అన్నీ తీసుకుంటుంది. ఎరుపు పూర్తిగా పోయిందని, మధ్యాహ్నం దాటాక నుదుటి మీద కాస్త జిడ్డు తప్ప ముఖం చక్కగా ఉందని మేడమే చెప్పారు.

"మళ్ళీ పైకి తీసుకున్నారా మేడమ్?" అని అడిగాను.

"లేదు. ఆ సీటు ఇంకొకళ్ళకి ఇచ్చేశారట."

అమ్మ కొన్నాళ్ళు అడిగి అడిగి ఊరుకుంది.

పోయిన వారం ఉండబట్టలేక, ఒక్క శనివారం డ్యూటీ మార్చమని మేడమ్‌ని బతిమాలాను. మాట్లాడను, దూరంగా నిలబడి చూస్తాను, అంతే అన్నాను. ఆవిడ మందుల పెట్టెలు సర్దుతూ, నా వైపు చూడకుండానే జవాబిచ్చారు.

"వద్దు బాబూ. నువ్వుంటే ఆ అమ్మాయి రావడం మానేస్తుంది. ముఖం ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటోంది."

అందుకని శనివారాలు నేనా వీధి వైపు కూడా వెళ్ళను. బాగుపడ్డాక ఆమె ఎలా ఉందో షాపులో అందరికీ తెలుసు, నాకొక్కడికే తెలియదు.