నర్గిస్ దుంపలకు కాంగ్రీ

అన్నం తిన్న చేయి ఆరకముందే రుత్బా పెరట్లోకి పరిగెత్తింది. చేతిలో చిన్న పార, ఒంటి మీద పొడవాటి ఉన్ని అంగీ ఫెరన్, దాని లోపల చిన్న నిప్పుల కుంపటి కాంగ్రీ. పెరడంతా మోకాలి లోతు మంచు. అమ్మమ్మ నానీ కునుకు తీస్తోంది. ఇదే అదను!

నానీకి మోకాళ్ల నొప్పులు మొదలై మూడేళ్లయింది. ఆమె ముద్దుగా పెంచిన తోటని గడ్డి కమ్మేసింది. చలికాలానికి ముందు రుత్బా ఆ గడ్డంతా పీకి, అడుగున ఇరుక్కుపోయిన నర్గిస్ పూల దుంపల్ని విడదీసి, ఇరవై దుంపలు వరసగా నాటింది.

"ఈ వసంతానికి నీ కిటికీలోంచే పూలు చూస్తావు నానీ. నాది పూచీ!" అని మాట కూడా ఇచ్చేసింది.

కానీ ఇప్పుడు చిల్లై కలాన్, చలి బాగా ముదిరే కాలం. ఆ నలభై రోజులూ కుళాయిలో నీళ్లే గడ్డకడతాయి. ఇంట్లో అందరికీ తలా ఒక కాంగ్రీ ఉంది. పాపం, దుంపలకి ఎవరిస్తారు?

పదకొండు దుంపలు తవ్వేసరికి రుత్బా వేళ్లు కొయ్యబారాయి. మిగతాచోట పార దిగనే లేదు. దొరికినవాటిని కుండీల్లో పెట్టి, తన గదిలో బుఖారీ పొయ్యి పక్కన దాచింది.

పది రోజుల్లో పచ్చటి ఆకులు! నెల తిరిగేసరికి మూరెడు పొడవు!

"చూశావా భయ్యా? నీ బుర్రకి తట్టిందా ఇది?" అంటూ తన అన్న ఆకిబ్ దగ్గర గొప్పలు పోయింది.

"ఉల్లికాడల్లా బాగానే ఉన్నాయి. పువ్వేదే?" అన్నాడు వాడు.

పువ్వు లేదు. మొగ్గ కూడా లేదు. చూస్తుండగానే ఆకులు పాలిపోయి వాలిపోయాయి. రుత్బా ఒక కుండీ ఎత్తుకెళ్లి నానీ ముందు పెట్టి భోరుమంది.

"చలికి చచ్చిపోతాయని తెచ్చాను నానీ. పదకొండూ పాడుచేశాను."

నానీ నవ్వాపుకుంటూ ఆకు నిమిరింది. "ఓసి పిచ్చిపిల్లా! చలిలో మనకి వణుకు, వీటికి నిద్ర. కడుపునిండా నిద్రపోతేనే పూస్తాయి. నువ్వేమో మధ్యలో లేపేశావు."

"మరి నేనిచ్చిన మాట?"

"బయట ఇంకా తొమ్మిదున్నాయిగా. వాటి జోలికి పోకు, చాలు."

జోలికి పోకుండా ఉండటమా! రుత్బాకి అంతకన్నా కష్టమైన పని లేదు.

మంచు కరిగింది. తొమ్మిది పచ్చటి మొనలు లేచాయి, మొగ్గలూ తొడిగాయి. సరిగ్గా అప్పుడు, మార్చి నెలలో ఒక ఉదయం, మళ్లీ మంచు కురిసి మొగ్గల్ని కప్పేసింది. చెల్లెలు ఏడుస్తుందని ఆకిబ్ బొంత, పార పట్టుకుని పరిగెత్తాడు.

రుత్బా కూడా వెనకే పరిగెత్తింది. కాళ్లు గడప దాటేశాయి కూడా. అయినా ఆగింది.

"వద్దు భయ్యా! వాటిని వదిలెయ్."

"పువ్వులు పోతే నా మీద పడి ఏడవకు మరి!"

"ఏడిస్తే ఏడుస్తాలే. ముట్టుకోకు, అంతే!"

ఆ బొంత లాక్కుని లోపలికెళ్లి నానీ కాళ్లకి కప్పింది. కాంగ్రీలో నిప్పులు ఎగదోసి చేతికిచ్చింది.

ఆ వారమే నానీ కిటికీ తెరిచి, వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. తెల్లటి రెక్కలు, నడుమ పసుపు. "ఏడు, ఎనిమిది, తొమ్మిది!"

"ఇరవై అన్నట్టు గుర్తే!" ఆకిబ్ దెప్పాడు.

రుత్బా పెరట్లో గొంతుక్కూర్చుని, ఆ పదకొండు దుంపల్నీ మళ్లీ మట్టిలో పెడుతోంది.

"ఇవి వచ్చే ఏడాదికి. ముందు చలిలో హాయిగా పడుకోనీ భయ్యా!"