అరవై నాలుగు క్యారియర్లు

ఉదయం 11:20. రేకుల గోదాములో రెండు ఇనుప దిమ్మెల మధ్య మేనేజర్ శవం నలిగి ఉంది.

పైన క్యాబిన్‌లో ఉండే క్రేన్ డ్రైవర్‌కు కింద ఏముందో కనబడదు. కిందివాడు హెల్మెట్ మైకులో "ఆపు" అనేదాకా దిమ్మెను దించుతూనే ఉండాలి. పని చకచకా సాగాలని మేనేజరే పెట్టిన రూలు అది. ఈ రోజు కింద నిలబడింది ఆయనే.

"ఆపమన్నాడా?" కబురందుకుని వచ్చిన ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"ఏం వినపడలేదు సార్. గరగరమంది, అంతే," అన్నాడు డ్రైవర్.

సరిగ్గా దిమ్మె దిగుతున్నప్పుడు, 11:18కి, గేటు దగ్గర వాచ్‌మన్ వాకీటాకీ నొక్కాడు. ఆ సిగ్నల్ అడ్డొచ్చి మాట తెగిందని అందరూ తేల్చేశారు. చేతికందిన నేరస్థుడు దొరికితే ఎవరికి చేదు? మూడేళ్ల క్రితం ఇక్కడే ఓ కూలీ ఇలాగే పోయాడు. అప్పటి వాచ్‌మన్‌ను జైలుకు పంపింది ఈ ఇన్‌స్పెక్టరే.

"ఇద్దరు ఆడపిల్లలు సార్. నా బతుకు బుగ్గి చేయకండి," వాచ్‌మన్ కాళ్ల మీద పడ్డాడు.

ఈసారి ఇన్‌స్పెక్టర్ తొందరపడలేదు. హెల్మెట్ మైకు మాటను అందుకుని క్రేన్‌కు చేర్చే రిసీవర్‌లో నమోదైన లాగ్ ప్రింట్ తీయించాడు. ఆ యంత్రం తయారుచేసినవాళ్లతో గంటసేపు ఫోన్‌లో మాట్లాడాడు. మధ్యాహ్నం రెండింటికి అందర్నీ రిసీవర్ గదికి పిలిపించాడు. వైర్‌లెస్ ఇంజనీరమ్మ గోడకానుకుని నిలబడింది.

"మాటంతా ఒకే దారిన పోదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. " ముక్కలై అరవై నాలుగు సన్నటి క్యారియర్ల మీద, అంటే రేడియో తరంగాల మీద, పక్కపక్కనే పోతుంది. వాకీటాకీ పాడుచేస్తే ఒకటో రెండో. మిగతావాటితో రిసీవర్ మాటను పూరించుకుంటుంది. ఇక్కడ అరవై నాలుగూ పోయాయి."

"అదెలా సార్?" డ్రైవర్ నోరెళ్లబెట్టాడు.

"రేకు గోడలకు తగిలిన సిగ్నల్ ఆలస్యంగా వచ్చి తర్వాతి ముక్క మీద పడుతుంది. అందుకే ముక్కకూ ముక్కకూ మధ్య కాస్త ఎడం ఉంచుతారు. గార్డ్ ఇంటర్వెల్ అంటారు. మేనేజర్ కింద నిలబడగానే, 11:05కి దాన్ని సున్నా చేశారు." ఇన్‌స్పెక్టర్ ఇంజనీరు వైపు తిరిగాడు. "మీ లాగిన్‌తో."

ఆమె తల దించలేదు.

"నేనే చేశాను. మూడేళ్ల క్రితం ఇక్కడ చచ్చిపోయిన కూలీ మా తమ్ముడు. సిగ్నల్ స్పీడు పెంచాలని అప్పుడు ఆ ఎడం తీయించింది ఈ మేనేజరే. తప్పేమో వాచ్‌మన్ నెత్తిన రుద్దాడు. వీడూ 'ఆపు, ఆపు' అని అరుస్తూ చావాలనే ఇక్కడ ఉద్యోగంలో చేరాను. నా కడుపుమంట చల్లారింది."

"మరి లాగ్ చెరపలేదేం? ఒక్క బటన్ పని."

"మీరు చదవాలని. మీరు చదవకుండా ఈ వాచ్‌మన్‌ను తీసుకెళ్తే నేనే వచ్చి చెప్పేదాన్ని." ఆమె మాట పళ్ల మధ్య నుంచి వచ్చింది. "తమ్ముడు పోయిన రోజు లాగ్ కూడా ఈ డబ్బాలోనే ఉంది సార్. అందులోనూ అరవై నాలుగూ పోయాయి. మీరు తెరిచి చూడలేదు. ఆ వాచ్‌మన్ జైల్లోనే పోయాడు. ఇప్పుడు చదవడం వచ్చిందిగా? ఇక నిద్రెలా పడుతుందో చూస్తాను."

ఇన్‌స్పెక్టర్ సంకెళ్లు తీశాడు. ఆమె చేతులు తనే చాపింది. ఆయన మాత్రం ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.