మోరీలో నల్ల నూనె

"ఆగు మే! ఆ డబ్బా పట్టుకొని పడుగు పక్కకు రాకు!"

నాయన అయ్యన్న అరుపుకు నందిని ఠక్కున ఆగింది. చేతిలో మూతలేని డబ్బా. దాన్నిండా నల్లటి ఇంజన్ ఆయిల్. అన్న ఉదయ్ తన బండికి ఆయిల్ మార్చి, పాతది చెల్లెలికిచ్చాడు. "మెకానిక్ యేసేపన్న షెడ్డులో పాత ఆయిల్ డ్రమ్ముంది. దాంట్లో పోసి రా పో" అన్నాడు.

కానీ వీధి నిండా పడుగు పరిచి ఉంది. పడుగంటే చీరకు నిలువు దారాలు. ఎమ్మిగనూరులో వాళ్ల వీధి వాళ్లంతా పొద్దున్నే వీధి పొడుగునా పడుగు కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతారు. గంజి ఆరేలోగా పని అయిపోవాలి. దారాల మీద నూనె చుక్క పడిందా, చీర చీరంతా పాడే!

"ఎనక సందులో సుట్టు తిరిగి పో" అన్నాడు నాయన.

నందినికి ఏడుపొచ్చినంత పనైంది. చుట్టూ తిరిగి వచ్చేసరికి దువ్వడం అయిపోతుంది కదా! ఈ రోజు మొదటిసారి ఆమె చేతికి కుంచె ఇస్తానని నాయన మాటిచ్చాడు. ఆ పిల్లకు నాలుగు రోజులుగా నిద్రలో కూడా కుంచే.

సందు మలుపులో ఆగి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. డబ్బా పక్కనున్న మురుగు మోరీలో వొంపేసింది. మోరీలో నీళ్లు కదలడం లేదు. నూనె నల్లగా అక్కడే నిలిచిపోయింది. భలే తెలివైన పని చేశానని మురిసిపోతూ వెనక్కి పరుగెత్తింది, చూడండి!

"అప్పుడే పోసొస్తివా? కాళ్లకు సక్రాలు కట్టుకున్నావా ఏంది?" నాయన నవ్వాడు.

"ఆఁ, పోసొచ్చినా" అంది నందిని, కళ్లు దించుకుని.

నాయన కుంచె అందించబోయాడు. అంతలో పక్కింటి అంజనమ్మ మిగిలిన గంజి నీళ్లు మోరీలో పోసేసింది. ఎదురింటి గౌరవ్వ కూడా తన బకెట్ ఎత్తుకుంది. రోజూ అంతే. పని ముగిసేవేళ ఇంటింటి గంజి నీళ్లూ మోరీలోకే. అప్పుడు మోరీ పారుతుంది. పారి పారి ఊరి చివర గుంటలో కలుస్తుంది.

గుంటలో నీటికోడి పిల్లలున్నాయి!

నందిని రోజూ సాయంత్రం ఆ పిల్లల్ని చూడకుండా ఇంటికి రాదు. నిన్ననే బడిలో వీణ టీచర్ ఒక వీడియో చూపించింది. సముద్రంలో ఓడ నుంచి నూనె కారింది. తీరమంతా నల్లబడింది. ఈకలకు నూనె అంటుకుని పక్షులు ఈదలేకపోయాయి. "నూనె అంటితే ఈకల్లోకి నీళ్లు దిగుతాయి. పక్షులు చలికి వణికి చచ్చిపోతాయి" అంది టీచర్. "మనకు సముద్రమే లేదు కదా టీచర్!" అంది నందిని. క్లాసంతా నవ్వింది.

ఇప్పుడు నవ్వు రాలేదు.

"గౌరవ్వా, పోయొద్దు! మోరీలో నేను నూనె పోసినా!"

వీధంతా తిరిగి చూసింది. నాయన ముఖం ఎర్రబడింది. "అబద్ధం సెప్తివా మే నాకు?"

జవాబు చెప్పడానికి టైమెక్కడుంది? నందిని మోరీ దగ్గరికి పరుగెత్తింది. నల్ల నూనె అప్పుడే కదులుతోంది. దాని ముందు రంగురంగుల తెట్టు గుంట వైపు జారుతోంది.

సముద్రంలో నూనెకు అడ్డం కట్టినట్టు వీడియోలో చూసింది. తానేం కట్టాలి? మగ్గం కింద తెగిన నూలు మూట గుర్తొచ్చింది. తెచ్చి, దారాల్ని లావుగా మెలిపెట్టి మోరీకి అడ్డంగా కుక్కింది. తెట్టు వచ్చి నూలుకు తగిలి ఆగింది. పక్కనుంచి సన్నగా జారబోయింది. ఇంకో గుప్పెడు కుక్కింది.

"ఎవురూ నీళ్లు పోయాకండి!" గౌరవ్వ వీధంతా వినబడేలా అరిచింది.

నూలు నూనె పీల్చుకుంటోంది. నందిని దాన్ని ఖాళీ డబ్బాలోకి పిండి, మళ్లీ ముంచింది. మళ్లీ పిండింది. కంపు!

"నందినీ! గంజి ఆరిపోతాంది. కుంచె పడతావా, లేదా?" నాయన పిలిచాడు.

నందిని చేతులు చూసుకుంది. మోచేతుల దాకా నలుపు. ఈ చేతులతో పడుగు ముట్టుకోకూడదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వే దువ్వుకో నాయనా. ఇది తీసేదాకా నేను రాను."

నాయన గబగబా దువ్వడం మొదలుపెట్టాడు.

నూనె మరక కనిపించకుండా పోయాక నందిని గుంట దగ్గరికి పరుగెత్తింది. మోరీ కలిసే చోట నీళ్ల మీద రంగులు లేవు. తుంగ పక్కన నీటికోడి, దాని వెనకే పిల్లలు. ఒకటి మునిగింది. నందిని ఊపిరి బిగబట్టింది. పిల్ల పైకి తేలి తల విదిలించుకుంది. హమ్మయ్య!

తిరిగొచ్చేసరికి దువ్వడం అయిపోయింది. నాయన నూనె డబ్బా, నూనె నూలు మూట అందుకోబోయాడు. "నేను పోసొస్తాలే. నువ్వు సేతులు కడుక్కో."

"వద్దు నాయనా. నేనే పోతా."

ఒక చేత డబ్బా, ఒక చేత మూట పట్టుకుంది. వీధిలో అంజనమ్మ వాళ్ల పడుగు ఇంకా ఆరుతోంది. సందు మలుపులో మోరీ పక్కనే ఉంది. ఎవరూ చూడటం లేదు.

నందిని మోరీ దాటి, వెనక సందులోంచి యేసేపన్న షెడ్డు దాకా నడిచింది.