తోడుపట్టీ

ఆఫీసులో మైత్రేయి బొబ్బట్లు పంచుతోంది. పిల్లాడు బోర్లా పడితే బొబ్బట్లు పంచాలి కదా! బోర్లా పడ్డది ఇంట్లో, బొబ్బట్లు పడ్డవి ఆఫీసు పొట్టల్లో.

"పడ్డప్పుడు చూశావా?" అంది పక్కసీటు రమణి, రెండోది అందుకుంటూ.

"చూడకేం? ఎడంచెయ్యి కింద ఇరుక్కుపోతే ఎంత కోపమో వెధవకి!"

చూసింది ఆయా పోలమ్మ. గుర్తున్నది మైత్రేయికి. అదీ తోడుపట్టీ మహిమ. పగలంతా ఆయా నుదుట ఉండి ఆమె జ్ఞాపకాలను తోడుకుంటుంది. సాయంత్రం తల్లి నుదుటికి చేరి వాటిని ఒంపేస్తుంది. నకలు తీయడం కుదరదు. ఒక బుర్ర ఖాళీ అయితేనే ఇంకో బుర్ర నిండుతుంది. ఈ పట్టీ వచ్చాక విశాఖలో బాలింత సెలవులు రద్దయ్యాయి. బాలింతలు మాత్రం రద్దు కాలేదు.

ఇంటికి చేరేసరికి పోలమ్మ పట్టీ విప్పి చేతికిచ్చి, బాబును ఒళ్ళో పెట్టి, రోజూ అడిగేదే అడిగింది.

"బాబు ఇయ్యాల ఏడిసినాడేటమ్మా?"

లోకంలో ఆయాను తల్లి అడగాలి. ఇక్కడ తల్లిని ఆయా అడుగుతుంది!

"ఉండు, చూసి చెబుతా," అని మైత్రేయి పట్టీ కట్టుకుంది.

నూనె వాసన. కాళ్ళమీద పడుకోబెట్టుకున్న తడి ఒళ్ళు. సాంబ్రాణి పొగకి చిట్లించిన ముక్కు. ఆ వెనకే, పోలమ్మదే ఇంకో జ్ఞాపకం. బాబు ఏడవగానే పాలు చేపుకొచ్చాయి, కానీ బాబు కోసం కాదు. పైడి కోసం. పోలమ్మ కూతురు, బాబు ఈడుదే. పాలు తాగిందో లేదో, దాన్ని చూసుకునే పక్కింటి ముసలమ్మ నిద్రపోయిందేమో... పగలంతా అదే బెంగ. బాబును ముద్దాడిన ప్రతిసారీ పెదవుల కింద పైడి బుగ్గే.

పాలను, నీళ్ళను వేరుచేసే హంసను ఆ యంత్రంలో ఎవరూ పెట్టలేదు.

"పోలమ్మా, పైడికి రెండు బొబ్బట్లు ఉంచాను. వేలికొసన కాస్త నాకించి, మిగతాది నువ్వు తిను."

"పైడెవులమ్మా?"

మైత్రేయి నవ్వబోయి ఆగింది. పోలమ్మ ముఖంలో వేళాకోళం లేదు.

"నీ కూతురే!"

"ఓలమ్మ, అవునుకదేటి!" పోలమ్మ నుదురు రుద్దుకుంది. "సీకట్నే వొచ్చీస్తాను, నానెల్లీసరికి తొంగుంటాది. పగలు తలుసుకుంటానో నేదో కూడా తెల్దమ్మా."

తలుచుకుంటోంది. తలుచుకున్నదంతా ఇక్కడ చేరుతోంది.

"దానికి కుడిచెవి వెనకాల పుట్టుమచ్చ ఉంది," అంది మైత్రేయి. "నవ్వితే ఎడంబుగ్గ సొట్టపడుతుంది. నువ్వు 'బంగారుకొండ' అంటే తల తిప్పుతుంది."

పోలమ్మ ఎవరో పిల్ల ముచ్చట విన్నట్టు విని మురిసిపోయింది.

"అలాగేటమ్మా! సూడముచ్చటగుంటాది కామోసు."

రేపటి నుంచి పట్టీ వద్దు అనాలి. ఆ మాట మైత్రేయి నాలుక చివరిదాకా వచ్చింది. కిందికి చూసింది. బాబు తన ఒళ్ళో ఉండి పోలమ్మ వైపు చేతులు చాస్తున్నాడు. పట్టీ లేకపోతే వీడి ఒంటి నూనె వాసన కూడా తనకు తెలియదు.

"రేపు కొంచెం పెందలాడే రా పోలమ్మా," అంది, పట్టీని రేపటి కోసం మడతపెడుతూ.