తొంభై ఒక్క గళ్ళ పెట్టె

“ముప్ఫై ఏడా?” చీటీ మీంచి తలెత్తకుండానే అడిగింది ఆమె. “ముప్ఫై ఏడు సబ్బులకి పెట్టె కావాలా మీకు?”

“అవునండీ. ఒక్కో సబ్బుకి ఒక్కో గడి. కొట్టాయన అలాగే అడిగాడు.”

“ఆయనకేం, అడుగుతాడు! రెండు వరుసలు వేస్తే ఒకటి మిగులుతుంది. మూడు వేసినా ఒకటి మిగులుతుంది. అయిదు వేస్తే రెండు మిగులుతాయి. ఒకే వరుసలో వేస్తే అది పెట్టె కాదు, పాము.”

“పామైనా పరవాలేదు, ఇవ్వండి.”

“మేం పాములు చెయ్యం.”

అప్పుడు తలెత్తింది. వాన మొదలై పది నిమిషాలైంది. ఆ వానంతా తన మీదే కురిసినట్టు నిలువునా తడిసి నిలబడి ఉన్నాడు అబ్బాయి. తల మీంచి కారుతున్న నీళ్ళు ఆమె అట్టల మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మనిషి దగ్గర సబ్బు వాసన. కోప్పడదామనుకున్న మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది.

“ముప్ఫై ఆరైతే?” అని చీటీ లాక్కుని ఏడు కొట్టేసి ఆరు వేశాడు. “ఒక సబ్బు నేను వాడుకుంటాను లెండి.”

“ముప్ఫై ఆరైతే ఎన్ని రకాలైనా చేస్తాం,” అంది. నవ్వు దాచుకోవడానికి స్కేలు కోసం వెతికినట్టు నటించింది. స్కేలు చేతిలోనే ఉంది.

అదొక సోమవారం.

ఆ షెడ్డు ఆమె మేనత్తది. గాజు సీసాలు గానీ, కొవ్వొత్తులు గానీ, సబ్బులు గానీ, ఎన్ని పెట్టాలో చెబితే అన్ని గళ్ళతో అట్టపెట్టె చేసి ఇస్తారు. సన్నటి అట్టపట్టీలకి గాట్లు పెట్టి, నిలువు పట్టీల్లోకి అడ్డపట్టీలు దింపితే గళ్ళు పడతాయి. పని చూడటానికి తేలిక. తల తినేది లెక్క. వచ్చిన సంఖ్యని ఏ రెండు సంఖ్యల గుణకారంగా విడగొట్టాలో ముందు తేలాలి. బళ్ళో వాటిని కారణాంకాలు అన్నారు. షెడ్డులో జతలు అంటారు.

అత్తకి దీనిలో ఒక రూలుంది. “రెండు, మూడు, అయిదు. ఈ మూడింట్లో దేనికీ లొంగలేదా, చీటీ మీద అడ్డంగా గీత కొట్టి చేతిలో పెట్టెయ్యి. కుదరని పెట్టె కోసం పొద్దంతా కూర్చోకు.” పాతికేళ్ళుగా ఆ రూలు తప్పింది లేదు. మేనకోడలు కూడా పనిలో చేరిన నాటి నుంచి దాన్నే నమ్ముకుంది.

రెండో సోమవారం ఆ అబ్బాయి అరవైతో వచ్చాడు. అతనూ వాళ్ళ అక్కా కలిసి ఇంట్లో సబ్బులు పోస్తారట. అక్క పొయ్యి చూసుకుంటుంది. ఇతను వాసనలు కలపడం, కొట్ల చుట్టూ తిరగడం. వారానికో కొట్టు, కొట్టుకో లెక్క.

“అరవైకి ఎన్ని రకాలుంటాయి?” అన్నాడు, స్టూలు లాక్కుని కూర్చుంటూ. కూర్చోమని ఎవరూ అనలేదు.

“ఒకటీ అరవై. రెండూ ముప్ఫై. మూడూ ఇరవై. నాలుగూ పదిహేను. అయిదూ పన్నెండు. ఆరూ పది.”

“తర్వాత?”

“తర్వాత ఏముంది? ఏడు పోదు, ఎనిమిది పోదు, తొమ్మిది పోదు. పది దగ్గరికి వెళ్తే మళ్ళీ ఆరే. వచ్చిన జతలే తిరగబడి వస్తాయి. అక్కడితో ఆపెయ్యాలి.”

అతను ఆ జతల్ని వేళ్ళ మీద మళ్ళీ చెప్పుకున్నాడు. “అంటే చిన్నది పెరుగుతూ, పెద్దది తగ్గుతూ ఒకదాని దగ్గరికి ఒకటి వస్తున్నాయన్నమాట. చివరికి కలుస్తాయా?”

ఇన్నేళ్ళలో ఆమెని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. “కొన్నిట్లో కలుస్తాయి. మీ ముప్ఫై ఆరులో ఆరూ ఆరూ కలిశాయిగా. అరవైలో కలవవు. ఒకటి ఆరు దాకా వస్తుంది, ఇంకోటి పది దాకా వస్తుంది. ఆగిపోతాయి.”

“పాపం,” అన్నాడు అతను, నిజంగానే బాధపడుతూ.

అతను వెళ్ళాక ఆ ‘పాపం’ తలుచుకుని ఒక్కతే నవ్వుకుంది. మధ్యాహ్నం అన్నం దగ్గరా నవ్వింది. అత్త ఆమె వంకా, కంచం వంకా చూసి ఊరుకుంది.

అక్కడి నుంచి అబ్బాయి తెలివి మీరాడు. సంఖ్యకి జతలెక్కువుంటే నమూనాలు ఎక్కువ చెయ్యాలనీ, నమూనాలు ఎక్కువైతే స్టూలు మీద ఎక్కువసేపు కూర్చోవచ్చుననీ కనిపెట్టేశాడు. నలభై ఎనిమిది తెచ్చాడు. డెబ్భై రెండు తెచ్చాడు. ఒకసారి నూట ఇరవై తెచ్చి, ఎనిమిది జతలకీ ఎనిమిది నమూనాలు చూస్తే గానీ తేల్చుకోలేనన్నాడు.

“ఒకే వరుసలో నూట ఇరవై పెట్టేదీ చూస్తారా?”

“చూడాలి కదండీ. ముందే వద్దంటే ఎలా?”

“పాములు చెయ్యం అని చెప్పానా?”

“బొమ్మ గీసి చూపించండి, చాలు.”

ఆమె గీసింది. కాయితం చాలక రెండో కాయితం అతికించి మరీ గీసింది. అత్త కత్తెర పక్కన పెట్టి, “అబ్బాయ్, నువ్వు సబ్బులు అమ్ముకుంటున్నావా, మా పిల్ల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నావా?” అంది. అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆమె గబుక్కున జిగురు డబ్బా మూత పెట్టబోయి వేలు పెట్టేసింది.

సోమవారం బాగానే ఉండేది. వచ్చిన చిక్కల్లా మిగతా వారంతోనే. మంగళవారం అతను కూర్చున్న స్టూలు జరపడానికి మనసొప్పేది కాదు. బుధ, గురువారాలు ఎలాగో పనిలో పడి గడిచేవి. శుక్రవారం నుంచి, ఈసారి ఏ సంఖ్య తెస్తాడో అని తనలో తనే పందాలు కాసుకునేది. ఆదివారం షెడ్డుకి సెలవు. ఆ సెలవు కనిపెట్టినవాళ్ళ మీద ఆమెకి చాలా కోపం. ప్రేమ అని పేరు పెట్టుకునే ధైర్యం లేదు గానీ, అతను రావాలి, కూర్చోవాలి, ‘తర్వాత?’ అని అడగాలి అని ప్రాణం కొట్టుకుపోయేది. అందరి చీటీలూ పనయ్యాక బల్ల మీది ఇనప కడ్డీకి గుచ్చేస్తారు. అతని చీటీలు మాత్రం ఆమె సొరుగులో దాచుకుంది.

పధ్నాలుగో సోమవారం అతను కూర్చోలేదు.

“అక్క ఇకనుంచి అన్ని కొట్లకీ ఒకటే సైజు అంటోంది,” అన్నాడు నిలబడే. “పన్నెండు సబ్బుల పెట్టెలు ఫ్యాక్టరీ నుంచి తెప్పిస్తోంది. ఇక ఇలా వారం వారం…”

“రానక్కర్లేదన్నమాట,” అంది ఆమె.

“పెట్టెల కోసం అక్కర్లేదు.” జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. “ఇది కొట్టాయనది కాదు. నాది. దీనికి పెట్టె కుదిరితే మిమ్మల్ని ఒక మాట అడగాలి. కుదరకపోతే అడగను.”

చీటీ మీద తొంభై ఒకటి అని ఉంది.

ఆమె చీటీని దగ్గరికి లాక్కుంది. ఆ మాటేమిటో తెలియనంత చిన్నపిల్లేం కాదు. కుదరాలి, కుదరాలి అనుకుంటూ లెక్క మొదలుపెట్టింది. రెండు? బేసి సంఖ్య, పోదు. మూడు? తొమ్మిదీ ఒకటీ పది, పోదు. అయిదు? చివర ఒకటి, పోదు. మళ్ళీ చూసింది. మూడోసారి చూసింది. రెండుకీ, మూడుకీ, అయిదుకీ లొంగలేదు.

అబద్ధమాడి పెట్టె చెయ్యడం ఆమెకి చేతకాదు. పెన్సిలు తీసి చీటీ మీద అడ్డంగా గీత కొట్టి అతని చేతిలో పెట్టింది.

“లొంగలేదండీ.”

“సరిగ్గా చూశారా?”

“మూడుసార్లు.”

అతను గీత వంక చాలాసేపు చూశాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, స్టూలుని బల్ల కిందకి నెట్టి వెళ్ళిపోయాడు. నూట ఇరవైని గుక్క తిప్పుకోకుండా విడగొట్టిన మనిషికి తొంభై ఒకటి తెలియదంటే అతను ఎలా నమ్ముతాడు? కాదని చెప్పడానికి మర్యాదైన దారి చూసుకుంది అనుకున్నాడు. ఇక్కడ ఈమేమో, అడగడం ఇష్టం లేకే కుదరని సంఖ్య ఏరి తెచ్చాడని కళ్ళొత్తుకుంది. ఇద్దరికి ఇద్దరూ సరిపోయారు.

ఆ వారం షెడ్డులో మాటల్లేవు. “ఒంట్లో బాలేదా?” అని అత్త రెండుసార్లు అడిగింది. “బానే ఉంది” అని రెండుసార్లు చెప్పింది. సోమవారం వచ్చింది. వాకిట్లో అడుగుల చప్పుడైనప్పుడల్లా తల లేచింది. కొవ్వొత్తులాయన వచ్చాడు, సీసాలావిడ వచ్చింది, అతను రాలేదు.

మధ్యాహ్నం సొరుగు తెరిచి చీటీలు లెక్కపెట్టింది. పదమూడు. మరి తను గీత కొట్టినది అతని దగ్గరే ఉంది. గోడ మీద క్యాలెండరులో, అతను మొదట వచ్చిన వాన సోమవారం మీద వేలు పెట్టి, అక్కణ్ణుంచి వారాలు దిగుతూ వచ్చింది. ఎన్ని రోజులు ఎదురుచూశానో లెక్క తేలితే ఏడుపైనా ఒక లెక్క ప్రకారం ఏడవచ్చు అనుకుంది. వారానికి ఏడు. చివరి సోమవారానికి పదమూడు వారాలు నిండాయి. ఏడు పదులు డెబ్భై, ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. మొత్తం…

వేలు క్యాలెండరు మీదే ఆగిపోయింది.

“అత్తా! ఏడు చూడలేదు!”

“ఏ ఏడే?”

“ఏడు పదమూళ్ళు తొంభై ఒకటి! నీ రూలులో ఏడు లేదేం అత్తా?”

అత్త వేళ్ళు ముడిచి లెక్క వేసుకుంది. “మన పెట్టెలు నలభై, నలభై ఎనిమిది దాటేవి కాదు కదే. అంతవరకూ రెండు, మూడు, అయిదు చూస్తే చాలు. నలభై తొమ్మిది దగ్గర్నుంచి ఏడు కూడా చూడాలి కాబోలు,” అని నసిగింది. తర్వాత మేనకోడలి ముఖం చూసింది. “ఆ అబ్బాయి చీటీ మీదేనా గీత కొట్టావు?”

ఆమె తలూపింది. కళ్ళు నిండిపోయాయి.

“మరి ఏడుస్తూ నిలబడ్డావేం? లేత రంగు అట్ట పైన ఉంది, దించు. నేను పట్టీలు కోస్తాను.”

మర్నాడు పొద్దున పెట్టె చంకన పెట్టుకుని, అతను సబ్బులు వేసే ఒక కొట్టాయనని దారి అడిగి, మొదటిసారి సబ్బుల వాళ్ళింటికి వెళ్ళింది. తలుపు తీసినావిడకి మోచేతుల దాకా నురగ. ఆవిడ పెట్టెనీ, పిల్లనీ ఎగాదిగా చూసింది.

“గీత కొట్టిన అమ్మాయివి నువ్వేనా?”

“నేనేనండీ.”

“రా తల్లీ, రా. వారం నుంచి మావాడు సబ్బుల్లో వాసన కలపడం మర్చిపోతున్నాడు. మూడు అచ్చులు దండగ.” లోపలికి కేకేసింది. “ఒరేయ్, నీ కోసం ఎవరొచ్చారో చూడు!”

అతను వచ్చాడు. ఆమెని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ ముఖం చూడగానే ఆమె దారంతా కూడబలుక్కున్న మాటలు ఎగిరిపోయాయి.

“ఏడు చూడలేదు,” అంది. “మా అత్త రూలులో ఏడు లేదు. నిజంగా తెలియలేదు నాకు. కుదరదని చెప్పాలని కాదు.”

“తెలియలేదా? మీకా?”

“నాకే.”

అతను నమ్మలేనట్టు చూశాడు. ఆమె పెట్టెని బల్ల మీద పెట్టి మూత తీసింది. వరుసకి ఏడు గళ్ళు, మొత్తం పదమూడు వరుసలు. ప్రతి వరుసలో మొదటి గడిలో మడతపెట్టిన చీటీ ఒకటి ఉంది. అతను ఒకటి విప్పాడు. ఏడు కొట్టేసి ఆరు వేసిన ముప్ఫై ఆరు. తడి మరక ఇంకా ఉంది. రెండోది విప్పాడు, అరవై. మూడోది విప్పబోయి ఆగాడు.

“ఇవన్నీ దాచారా?”

ఆమె తలూపింది.

“నేను కూడా రోజులే లెక్కపెట్టాను,” అన్నాడు మెల్లిగా. “తొంభై ఒకటి అయ్యాక ఇక ఆగలేకపోయాను.” తర్వాత పెట్టె వంక చూశాడు. “వరుసకి ఒక్క గడే నిండింది. మిగతా ఆరూ ఖాళీగా ఉన్నాయేం?”

“మీరు వచ్చేది సోమవారమే కదా,” అంది ఆమె. “మిగతా ఆరు రోజులూ నాకు అలాగే ఉండేవి.”

అతను ఖాళీ గళ్ళ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాడు. లోపల్నుంచి అక్క గొంతు వినిపించింది. “ఏదో అడుగుతానన్నావుగా, అడగరా బాబూ! ఆ పిల్ల నిలబడే ఉంది!”

అతను నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆరబెట్టిన సబ్బుల్లోంచి ఒకటి తీసుకొచ్చి, మొదటి వరుసలో చీటీ పక్కన ఖాళీ గడిలో పెట్టాడు.

“ఇవాళ మంగళవారం,” అన్నాడు. “రేపు బుధవారం నేనే వస్తాను. ఎల్లుండీ వస్తాను. ఇలా రోజూ రమ్మంటారా?”

ఆమె ఆ సబ్బు తీసి వాసన చూసింది. ఏ వాసనా లేదు.

“రండి,” అంది. “ఆదివారం మాత్రం షెడ్డుకి కాదు, ఇంటికి రావాలి.”