మచ్చలేని గుండిగ

ఇత్తడి గుండిగలోంచి చంటయ్య గొంతు వినబడగానే అమలాపురం శ్రవణ కేంద్రంలో కూర్చున్న పెళ్ళివారంతా మర్యాదగా చప్పట్లు కొట్టారు. చనిపోయి వందేళ్ళు దాటిన ఆ మనిషి పక్కింటి కోడిని పట్టుకొచ్చి, కూర వండించి, ఆ పక్కింటాయన్నే భోజనానికి పిలిచాడు. "పోయిన కోడి గురించి దిగులుపడితే తిరిగొస్తుందేటి బావా? ఇంకో ముక్క వేసుకో!" అంటున్నాడు.

"మా దంగేటి వారి గుండిగలో ఇలాంటివి పదకొండున్నాయండి," అంది పెళ్ళికొడుకు నాయనమ్మ ప్రత్యూష, ఎంతో వినయంగా.

లోహశ్రవణి యంత్రం వచ్చి ముప్పై ఏళ్ళయింది. వంటింటి పాత ఇత్తడిలో ఒకప్పటి మాటల అదురు సన్నటి నాదరేఖలుగా నిలిచి ఉంటుందనీ, దాన్ని మళ్ళీ వినవచ్చనీ తేలాక జాతకాలు మూలపడ్డాయి. పెళ్ళికి ముందు రెండిళ్ళ వంశపాత్రలనూ అందరి ఎదుటా వినిపించాల్సిందే. మొదట్లో జనం పరువు పోయిందని ఏడ్చారు. కొందరైతే గుండిగలను తీసుకెళ్ళి గోదావరిలో పారేశారు. ఎవరి గుండిగ విన్నా అదే బాగోతమని తెలిశాక, ఇంటింటికీ మట్టిపొయ్యేనని సర్దుకున్నారు. ఇప్పుడు మచ్చకు మచ్చ సరిచూసి సంబంధాలు కలుపుకుంటున్నారు.

ఇక ఆడపెళ్ళివారైన గుబ్బల వారి వంతు. శ్రవణాధికారి వాళ్ళ గుండిగను పీఠం మీద పెట్టి మీట నొక్కింది. "ముందు ఆ ముసలమ్మకి పెట్టండి, మనం తర్వాత తిందాం," అంది ఒక ఆడగొంతు. అధికారి మీట ముందుకు జరిపింది. "పాలేరుకి జ్వరమంట, జావ కాచి పంపించు." ఇంకా జరిపింది. "ఆ గొడ్డలి మనది కాదు నాయనా, వెళ్ళి ఇచ్చిరా." డెబ్బై ఏళ్ళ మాటల్లో ఒక్క అబద్ధం లేదు, ఒక్క చాడీ లేదు.

మగపెళ్ళివారు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పెళ్ళికూతురు మంగతాయారు తల దించుకుంది. హారికలూ ప్రత్యూషలూ బామ్మలైపోయిన కాలంలో, పిల్లలకు ఇలాంటి ముత్తవ్వల పేర్లు పెట్టడమే ఫ్యాషన్. పెళ్ళికొడుకు కోటయ్యను తప్ప ఇంకెవర్నీ చేసుకోనని ఆమె ఇంట్లో ఎప్పుడో చెప్పేసింది. కోటయ్యదీ అదే మాట. కాకపోతే అతను నాయనమ్మ గీసిన గీత దాటడు.

ప్రత్యూష లేచి నిలబడింది. "తప్పుగా అనుకోకండి అభినయ్ గారూ. మీది మరీ శుభ్రమైన వంశమండి. రేపు మావాడు ఏదో చిన్న పొరపాటు చేస్తాడు. 'మా గుండిగలో ఇలాంటివి లేవు' అంటుంది మీ పిల్ల. జన్మంతా తల దించుకుని బతకమంటారా వాణ్ణి?"

మంగతాయారు తండ్రి అభినయ్ గబుక్కున లేచాడు. "అయ్యయ్యో, మాలోనూ వెధవలు ఉంటారండి! కాస్త టైమిస్తే వెతికిస్తాను. అంతెందుకు, పదో తరగతిలో నేనే చూసి రాశానండి!"

"అవన్నీ లెక్కలోకి రావండి," అంది ప్రత్యూష జాలిగా.

అప్పుడు అభినయ్ తల్లి, ఎనభై ఏళ్ళ హారిక, కుర్చీలోంచి నెమ్మదిగా లేచింది. మనవరాలి ముఖం చూశాక ఇక దాచలేకపోయింది.

"ఆ గుండిగ మాది కాదండి," అంది.

అందరూ ముక్కున వేలేసుకుంటుంటే హారిక చెప్పుకొచ్చింది. "నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారు దొడ్లో బట్టలారేస్తూ చెప్పారు. ఆవిడకి వాళ్ళత్తగారు చెప్పారంట. దొడ్లో ఇత్తడెక్కడిది, అందుకే మీ యంత్రానికి అందలేదు. వెనకటికి పెళ్ళంటే పదిళ్ళ నుంచి గుండిగలు అడిగి తెచ్చేవారు కదండీ. వంటయ్యాక మసితోనే అన్నీ కాలవగట్టున బోర్లించేవారు. మావారి ముత్తాత, చిల్లుపడి మాటు వేయించిన మా గుండిగని అక్కడే వదిలేసి, గట్టిది చూసి ఎత్తుకొచ్చేశాడు. అడుగున పేరు అరగదీయించి మా పేరు చెక్కించాడు. ఆ మరుసటేడే స్టీలు గిన్నెలొచ్చి రెండూ అటకెక్కేశాయి."

శ్రవణాధికారి గుండిగను బోర్లించి అడుగున నీలికాంతి వేసింది. గుబ్బల అన్న అక్షరాల కింద, లీలగా, దంగేటి అని కనబడింది. దంగేటి వారు తెచ్చిన రెండో గుండిగకు మాటు ఊడదీసి చూస్తే, దాని కింద గుబ్బల చంటయ్య అని, హారిక చెప్పిన ఆ ముత్తాత పూర్తి పేరే ఉంది. గుండిగలో ఎవరో చంటయ్యా అని పిలుస్తుంటే, తమవాడే కాబోలని దంగేటి వారు ఇన్నేళ్ళూ మోశారు.

అభినయ్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "ఉన్నాడండీ! మాకూ ఉన్నాడు! కోడి దొంగే కాదు, గుండిగ దొంగ కూడా!" అని తల్లిని వాటేసుకున్నాడు. ఆడపెళ్ళివారు ఈలలు వేశారు. కోటయ్య మంగతాయారు వైపు చూసి నవ్వేశాడు.

ప్రత్యూష నవ్వలేదు. కుర్చీలో కూలబడింది.

"ఇరవై ఆరేళ్ళండి," అంది. "మా ఆయన ఏం చేసినా, చంటయ్య బుద్ధులు ఎక్కడికి పోతాయని అన్నాను. ఒకసారి బుట్టెడు మామిడిపళ్ళు తెచ్చారు. నీకోసం కొనుక్కొచ్చాను ప్రత్యూషా అన్నారు. నేను నమ్మలేదు. ఎవరి తోటలోవో వాళ్ళకిచ్చి రమ్మన్నాను. మారు మాట్లాడకుండా తీసుకెళ్ళి, పక్కింటి అరుగు మీద పెట్టి వచ్చేశారండి. ఆయన పోయి నాలుగేళ్ళయింది."

ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. శ్రవణాధికారి ఏం చెయ్యాలో తోచక యంత్రం ఆపేసింది. హారిక వెళ్ళి పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

చాలాసేపటికి అభినయ్ నీళ్ళు నములుతూ అడిగాడు. "మరి... సంబంధం సంగతండీ?"

ప్రత్యూష కొంగుతో ముఖం తుడుచుకుని మంగతాయారును దగ్గరకు పిలిచింది.

"అమ్మాయ్, ఈ గుండిగల గొడవ వదిలెయ్. మావాడు ఎప్పుడైనా ఏదైనా తెచ్చి, కొనుక్కొచ్చానంటే నమ్ము తల్లీ."

"నమ్ముతాను నాయనమ్మా," అంది మంగతాయారు.